దయకు ముందు నిజం

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తప్పు చేసినవారిని శిక్షించాలా, క్షమించాలా? ఛార్జిమెమోలు, సంజాయిషీలు, విచారణలు చూసిన మనకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఇదే ప్రశ్న ఒక దేశం మొత్తానికి ఎదురైనప్పుడు ఏం జరిగిందో నేడు మనవి చేస్తాను.

దక్షిణాఫ్రికాలో 1948 నుండి వర్ణవివక్ష ప్రభుత్వ విధానంగా సాగింది. మనిషి ఎక్కడ ఉండాలో, ఏ బడిలో చదవాలో ఒంటి రంగును బట్టి నిర్ణయించారు. 1994లో అన్ని జాతులవారూ ఓటు వేసిన ఎన్నికల తరువాత నెల్సన్ మండేలా అధ్యక్షులయ్యారు. పగ తీర్చుకుంటే దేశం రక్తసిక్తమవుతుంది. అంతా మరచిపొమ్మంటే బాధితులకు అన్యాయం జరుగుతుంది. అందుచేత 1995లో చట్టం చేసి, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన సత్యము, సయోధ్యల కమిషన్‌ను నియమించారు.

రాజకీయ కారణాలతో నేరం చేసినవారు తామే దరఖాస్తు పెట్టుకొని, జరిగినదంతా దాచకుండా చెప్పాలని నియమం. అప్పుడే క్షమాభిక్ష. ఏడు వేలకు పైగా దరఖాస్తులు రాగా, మంజూరైనవి కొద్ది భాగం మాత్రమే. 1977లో పోలీసు నిర్బంధంలో మరణించిన స్టీవ్ బికో కేసులో పోలీసుల దరఖాస్తులను 1999లో తిరస్కరించారు.

వర్ణవివక్ష మానవజాతిపై జరిగిన నేరమని కమిషన్ స్పష్టంగా చెప్పింది. దానిపై పోరాడిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ వారి అకృత్యాలను కూడా నమోదు చేసింది. 1998లో నివేదికను ఆపాలని ఆ పార్టీ కోర్టుకు వెళ్ళినా కోర్టు అంగీకరించలేదు. అందరినీ ఒకే చట్టంతో విచారించడమే సమానత్వానికి తొలి మెట్టు అని నా అభిప్రాయం.

అయితే పని సగంలోనే ఆగింది. 21,000 మందికి పైగా బాధితుల వాఙ్మూలాలు నమోదయ్యాయి. 2003లో గుర్తించిన బాధితులకు ఒక్కసారికి 30,000 ర్యాండ్ల చొప్పున ఇవ్వాలని నిర్ణయించారు. కమిషన్ సిఫారసు చేసినది అంతకంటె చాలా ఎక్కువ. క్షమాభిక్ష దొరకని వారిలో అత్యధికులపై కేసులు నడవలేదు. ఎందుకు నడవలేదో తేల్చడానికి 2025లో అధ్యక్షులు రామఫోసా విచారణ సంఘాన్ని వేశారు. అప్పటికి ఎందరో తల్లిదండ్రులు కన్నుమూశారు. మనిషి పోయాక మంజూరైన అరియర్సు విలువ ఎంతో మనకు వేరే చెప్పాలా?

మిత్రులారా, నిజం చెప్పినవారికి దయ చూపవచ్చు. నిజం దాచినవారిని చట్టం అడగాలి. నష్టపోయినవారికి వారు బ్రతికి ఉండగానే న్యాయం అందాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా క్షమాపణ భారమంతా బాధితుల మీదనే పడుతుంది. ఈ సంగతిని మీ పిల్లలకూ చెప్పగలరని కోరుతున్నాను.