డ్రోను ఎగురవేయుచుండగా ఎవరైన వచ్చి నిలదీసిన యెడల

(అనకాపల్లి ప్రాంత రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఎరువులను గురించి గాని, పురుగు మందులను గురించి గాని ఈ దినము నేను చెప్పబోవుట లేదు. మీలో కొందరి ఇండ్లలో ఇప్పుడొక చిన్న యంత్రము చేరినది. చదువుకొన్న కుమారుడో, అల్లుడో ముచ్చటపడి కొన్న కెమెరా డ్రోను. మందు చల్లు పెద్ద డ్రోను కాదు. రెండు చేతులలో ఇమిడిపోవునంతటిది. చెరకు ఏపుగా ఎదిగిన పిమ్మట తోట నడుమకు మనిషి చొరబడుట ఎంత కష్టమో అనకాపల్లి రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. గాలివానకు చెరకు ఎక్కడ పడినదో, గెడ్డ ఒడ్డు ఎక్కడ కోసుకుపోయినదో ఇప్పుడు గట్టు మీద నిలబడి ఐదు నిమిషములలో చూచుకొనవచ్చును. ఇక పండుగలకు, పెండ్లిండ్లకు బొమ్మలు తీయు సరదా ఉండనే ఉన్నది.

యంత్రమును ఎట్లు లేపవలెనో, ఎట్లు దింపవలెనో దానితో వచ్చిన పుస్తకములో ఉండును. అది పైన తిరుగుచుండగా తెలియని మనిషి వచ్చి "ఏటది? ఎవులు మీరు?" అని గద్దించినప్పుడు ఏమి చేయవలెనో మాత్రము ఆ పుస్తకములో ఉండదు. నాకు అది ఎట్లు తెలిసినదో ముందుగా చెప్పెదను.

నేను కూడ సెలవు దినములలో ఈ సరదా ఉన్నవాడనే. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము ఉదయము, విశాఖకు దక్షిణముగా ఒక గ్రామములో చెరువు గట్టు మీద నిలబడి, చెరువులో వాలిన కొంగలను ఫోటో తీయుచుంటిని. డెబ్బది యేండ్ల పెద్ద ఒకరు చేతికర్రతో వచ్చి, "ఎవులు పంపినారు నిన్ను? మా భూములు కొలవడానికేనా?" అని అడిగినారు. నేను చదువుకొన్నవాడను గదా, నిబంధనలు చెప్పినాను. ఇది ఆకుపచ్చ మండలము, ఇక్కడ 120 మీటర్ల ఎత్తు వరకు ఎవరి అనుమతియు అక్కరలేదు, ఈ గట్టు ప్రభుత్వముది అన్నాను. అన్నవన్నియు నిజములే. ఆయన స్వరము పెంచినారు, నేనును పెంచినాను. కల్లములో పని చేసుకొనుచున్న పదిమంది వచ్చి చుట్టు చేరినారు. ఈ వాదములో నా చూపు ఆయన ముఖము మీదనే ఉన్నది గాని, చేతిలోని పెట్టె మీద బొటనవ్రేలు మీటను నొక్కియే ఉన్నది. డ్రోను పోయి పోయి తాటిమట్టకు తగిలి, గట్టు దిగువన కట్టివేసిన గేదె ప్రక్కన పడినది. గేదె పలుపు తెంపుకొని పరుగెత్తినది. దాని దారిలో ఒక ఐదేండ్ల పిల్ల ఆడుకొనుచున్నది. తల్లి చటుక్కున రెక్క పట్టి లాగినది కాబట్టి సరిపోయినది. ఆ క్షణము తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని నా చేతులు చల్లబడును.

విరిగిన యంత్రమును వారు సాయంత్రము దాక ఇవ్వలేదు. నేను ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటిని. ఆ ఇంటి ఇల్లాలు మంచినీళ్ళు ఇచ్చి సంగతి చెప్పినది. ఆ పెద్దాయన పడుచుతనములో వారి భూమి సగము ఒక కర్మాగారమునకు పోయినదట. అప్పుడును ముందుగా గొలుసులు, మూడు కాళ్ళ దుర్భిణి పట్టుకొని కొందరు వచ్చినారట. ఏమిటని అడుగగా "ఊరకే చూస్తన్నాము" అన్నారట. నేను చెప్పిన 120 మీటర్ల లెక్క ఆయన అడిగినదానికి జవాబే కాదని అప్పుడు నాకు తెలిసినది.

విశాఖ చుట్టుపట్ల ఈ అనుమానము ఊరక పుట్టినది కాదు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కొరకు తెలుగువారందరు ఉద్యమించినారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ దానికి శంకుస్థాపన చేసినారు. ఆ ఫ్యాక్టరీకి, దాని పట్టణమునకు 60కి పైగా గ్రామములనుండి సుమారు 22 వేల ఎకరములు పోయినవి. పిమ్మట పరవాడ వైపు మందుల పరిశ్రమలకు, అచ్యుతాపురము వైపు ప్రత్యేక ఆర్థిక మండలికి, ఉత్తరమున భోగాపురము వద్ద విమానాశ్రయమునకు భూములు తీసుకొన్నారు. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మొదలుపెట్టిన భూముల రీసర్వేలో నిజముగానే డ్రోనులు పొలముల మీద ఎగిరినవి. మన్యములో గంజాయి తోటలను కనిపెట్టుటకు పోలీసులు డ్రోనులను వాడినారు. 2021 జూన్ 27న జమ్ములోని వైమానిక దళ స్థావరము మీద డ్రోనులతో బాంబులు వేసినారు. 2025 మే నెలలో పడమటి సరిహద్దున డ్రోనులు వచ్చిపడిన వార్తలు మనమందరము వింటిమి. మీది కొంగలను చూచు డ్రోనేయని క్రింద నిలబడినవానికి ఎట్లు తెలియును? వాని కంటికి అది సర్వే గొలుసు కావచ్చు, పోలీసు కన్ను కావచ్చు, బాంబు కూడ కావచ్చును. పెరటిలో స్నానము చేయు ఆడవారి భయము వేరు. ఇన్ని భయములలోను అన్నింటికంటె న్యాయమైనది అదేయని నా అభిప్రాయము.

కాబట్టి యంత్రమును లేపకముందే అక్కడ ఉన్న ఇద్దరు ముగ్గురికి చెప్పవలెను. "మా చెరకు చూసుకుంటాము మావా, పావుగంటలో దించేస్తాము" అన్న ఒక్క మాట చాలును. పొరుగూరికి పోయినప్పుడు సర్పంచికి గాని, పంచాయతీ కార్యాలయములో గాని తెలుపవలెను. ఒంటరిగా పోరాదు. ఒకరు ఎగురవేయువారు, ఒకరు మాటలాడువారుగా ఇద్దరు పోవలెను; నా అనుభవములో దీనికి మించిన ఉపాయము లేదు. మాటలాడువారు వయసున కొంచెము పెద్దవారైన మరియు మంచిది. నల్ల కళ్ళద్దములు తీసివేయండి. నవ్వుచున్నారు గాని, కళ్ళు కనబడని మనిషిని పల్లెలో ఎవరును నమ్మరు.

చేతిలో ఉండవలసిన కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. 2021 ఆగస్టులో వచ్చిన కేంద్ర డ్రోను నిబంధనల ప్రకారము 250 గ్రాముల వరకు ఉన్నది నానో, అంతకు మించి 2 కిలోల వరకు మైక్రో. ఈ రెంటిని సొంత సరదాకు ఎగురవేయుటకు పైలటు ధృవపత్రము అక్కరలేదు. అయితే యంత్రమును నమోదు చేయించి గుర్తింపు సంఖ్య పొందవలెను. ఆ సంఖ్య, కొన్న రసీదు, ఆ దినపు మండలముల పటము ఫోనులో పెట్టుకొనవలెను. ఇవి పోలీసులకు చూపుటకు. ఊరి పెద్ద ముఖము మీద ఆడించుటకు కావు.

మనిషి రానే వచ్చినాడనుకొనండి. మీ చూపు యంత్రము మీదనుండి తీయవద్దు. దానిని ముందుకు పోనివ్వక ఆపి, "తాతా, రెండు నిమిషాలు ఆగండి, దించేసి మాటాడతాను" అనవలెను. మీ వెంట వచ్చినవారు ఈలోగా ఆయనను మాటలలో పెట్టి, రెక్కలకు దూరముగా నిలుపుదురు. దించుట అనగా తప్పు ఒప్పుకొనుటయే అని కుర్రవాండ్రు కొందరు అనుకొందురు. అది పొరపాటు. యంత్రము పైన ఉన్నంతసేపు మీ మనస్సు సగమే మాటలో ఉండును, ఎదుటివాని కోపమో నిమిష నిమిషమునకు పెరుగును. పైగా ఇట్టి డ్రోనుల బ్యాటరీ సాధారణముగా అరగంట పాటు కూడ రాదు. వాదము ఎంతసేపు సాగునో ఎవరు చెప్పగలరు? గుంపు మధ్యకు దింపరాదు. పిల్లలు పట్టుకొన పరుగెత్తుదురు. తిరుగు రెక్కలు వ్రేళ్ళను కోయును. తానుగా తిరిగివచ్చు ఏర్పాటు ఉన్న డ్రోనుకు ఆ ఎత్తును తాటిచెట్లకు మించి ముందుగానే నిర్ణయించి ఉంచవలెను.

దించిన పిమ్మట మొదటి మాట మీ పేరు, మీ ఊరు, మీరు ఎవరి అబ్బాయో. మన పల్లెలలో తెలియని మనిషి తెలిసినవాడగుట అట్లే గదా. తరువాత ఎందుకు వచ్చినారో చెప్పి, తీసిన బొమ్మలు చూపవలెను. భూమి కొలతకు వచ్చినవారము కామని అడుగకముందే చెప్పుట మేలు. ఎవరి పెరడు గాని, ఆడవారు గాని బొమ్మలో పడియున్న యెడల వారి ఎదుటనే చెరిపివేయవలెను. ఆడవారి ఏకాంతమున రహస్యముగా బొమ్మ తీయుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. అయితే పోలీసులు వచ్చి విచారణ మొదలైన తరువాత ఏ బొమ్మను చెరుపరాదు. తప్పు దాచినట్లు కనబడును. స్నానపు రేవు, బడి విడిచిన వేళ, మేతకు పోవు మందలు, తాటిచెట్టు మీద ఉన్న గీత కార్మికుడు - వీటి దగ్గరకు అసలే పోనివ్వరాదు. చెట్టు మీది మనిషి ఉలికిపడిన యెడల పడునది మీ యంత్రము కాదు.

కోపము మాటతో చల్లారక చేయి లేచినచో, ఎదురు చేయి ఎత్తక వెనుకకు నడవండి. యంత్రమును లాగుకొన్నచో లాగుకొననివ్వండి. దూరముగా పోయి 112కు ఫోను చేయవలెను. డ్రోనును పగులగొట్టుట చట్టము దృష్టిలో ఆస్తికి నష్టము కలిగించుటయే. ఫిర్యాదు ఇచ్చు హక్కు మీకు ఉన్నది. కాని ఆ మనిషి ముఖము ఎదుట ఫోను పట్టి వీడియో తీయుట అగ్గిలో నెయ్యి పోయుటయే అగును.

నగరములోనికి పోయి సరదా తీర్చుకొందమను కుర్రవాండ్రకు వేరుగా చెప్పవలసి ఉన్నది. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రము. అక్కడి విమానాశ్రయమే ఐ.ఎన్.ఎస్. డేగా అను నౌకాదళ స్థావరము. పోర్టును, ఉక్కు ఫ్యాక్టరీని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమువారు కాపాడుదురు. ఎర్ర మండలములో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే, పసుపు మండలములో విమాన నియంత్రణ అధికారుల అనుమతి లేనిదే ఎగురవేయరాదు. విమానాశ్రయమునకు 8 నుండి 12 కిలోమీటర్ల దూరములో ఆకుపచ్చ మండలము 60 మీటర్ల ఎత్తు వరకే. జమ్ము ఘటన పిమ్మట నౌకాదళము తన స్థావరములకు 3 కిలోమీటర్ల లోపల డ్రోనులు ఎగురరాదని హెచ్చరించినది. సముద్రపు ఒడ్డున అందరు ఫోటోలు తీయుచున్నారు, నేను తీసిన తప్పేమి అని తోచును. నేల మీద నిలబడి తీసిన ఫోటో వేరు. అక్కడ నిలదీయువాడు విధిలో ఉన్న జవాను. నిబంధనల పుస్తకము తెరువక వెంటనే దించి, యంత్రమును నేల మీద పెట్టి, అడిగినది చెప్పవలెను. పటము మారుచుండును, కొత్త విమానాశ్రయము వచ్చిన చోట నిన్నటి ఆకుపచ్చ రేపటికి ఉండదు. లేపు దినముననే చూచుకొనవలెను.

మరి మీరే క్రింద ఉండి, తెలియనివారి డ్రోను మీ పొలము మీద తిరిగినచో? రాయి విసరవద్దు. పడిన యంత్రములోని బ్యాటరీ అంటుకొన్న యెడల మీ గడ్డివామి ఏమగును? చుట్టు చూచినచో ఎగురవేయువాడు ఎక్కడో గట్టు మీదనే ఉండును. దగ్గరకు పోయి, దించిన తరువాత మాటలాడుదము అని చెప్పి, పేరు, యంత్రము మీది సంఖ్య అడిగి వ్రాసికొనవలెను. చెప్పనన్నచో 112 మీకును ఉన్నది.

ఆ గ్రామమునకు నేను మరల పోయితిని. యంత్రము బాగుచేయించి, ఆ పెద్దాయన ఇంటికే పోయి, చెరువు చూపించమని అడిగినాను. ఆయన మొదట మాటలాడలేదు. కొంతసేపటికి కర్ర తీసుకొని గట్టు మీదికి వచ్చినారు. స్నానపు రేవు వైపు చూపి "అటేపు వద్దు" అన్నారు. తెర ఆయన చేతికి ఇచ్చి డ్రోనును మెల్లగా లేపినాను. చాలసేపు ఏమియు అనక చూచి, "ఆపు, ఆపు" అన్నారు. అలుగు రాతికట్టుకు అవతలి ప్రక్క, నేల నుండి కనబడనిచోట, మూరెడు పొడవున బీట విచ్చియున్నది. ఆ బొమ్మను ఫోనులో పెట్టించుకొని, మనుమనిని వెంటబెట్టుకొని, ఆయన ఆ దినముననే సర్పంచి ఇంటికి పోయినారు.