పులికాట్ సరస్సు

సంక్రాంతి పండక్కి చిత్తూరు నుంచి ఒకామె సూళ్లూరుపేటలో అన్నగారింటికి వచ్చింది. ఆ ఊరు ముందు నెల్లూరు జిల్లా. 2022 నుంచి తిరుపతి జిల్లా.

కనుమ మర్నాడు అందరూ సద్ది కట్టుకుని పులికాట్ సరస్సుకు పోయినారు. శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ నీళ్లే!

"ఇది సముద్రమా వదినా?"

"కాదమ్మా. సముద్రం నీళ్లూ, ఏటి నీళ్లూ ఇక్కడ కలుస్తాయి. ఇంతకన్నా పెద్దది ఒడిశాలో చిలకా సరస్సు."

దూరంగా పొడుగు కాళ్ల ఫ్లెమింగో పక్షులు. వంకర ముక్కు నీళ్లలో తలకిందులుగా పెట్టి మేస్తున్నాయి. వాటి గులాబి రంగు తినే తిండి నుంచే వస్తుందట!

రొయ్యలు కొందామంటే, చేపలమ్మే ఆమె బుట్టలో గుప్పెడే ఉన్నాయి.

"ఏమమ్మా, ఇంతేనా?"

"రొయ్యపిల్లలు సముద్రం నుంచి రావాల గదా. వచ్చే దోవ ఇసుకతో పూడిపోతా ఉంది. పూర్తిగా మూసుకుంటే మా మగవాళ్లు వల పక్కన పెట్టి కూలికి పోవాల" అంది ఆమె.