పడమటి గాలి, కొండ పొగ



హోలీ వెళ్లిందంటే చాలు, మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "ఈ ఏడు ఎండలు ఎలా ఉంటాయంటారు మాస్టారూ?" వాతావరణ శాఖ వేసవి ముందు మూడు నెలల అంచనా చెబుతుంది. దేశంలో ఏ భాగంలో మామూలు కంటే వేడి ఎక్కువ ఉండవచ్చో అందులో తెలుస్తుంది. కాని మన ఊరి వెనక కొండ ఏ రోజు అంటుకుంటుందో అది చెప్పలేదు. అందుకు మనమే గాలిని గమనించాలి. ఈనాటి నా ప్రసంగం ఆ గాలి గురించే.

ముందు వేడి సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మధ్య భారతం మీదుగా పడమర, వాయవ్య దిక్కుల నుంచి పొడిగాలి వీస్తుంది. మనం వడగాలి అంటాం, ఒడియావారు ఝాంజి అంటారు. బరంపురం సముద్రానికి దగ్గర కనుక మధ్యాహ్నానికి సముద్రపు గాలి వచ్చి కాస్త సేదతీరుస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది కూడా ఆలస్యమవుతుంది. కొండల నడుమ ఉన్న మనకు ఆ మాత్రం ఊరటా లేదు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వడగాడ్పు కూడా తుఫాను లాంటి విపత్తేనని ఆ ఏడాది అందరికీ తెలిసివచ్చింది.

ఇక నిప్పు సంగతి. మాఘ, ఫాల్గుణాల్లో అడవి ఆకు రాలుస్తుంది. ఆ ఎండుటాకుల మీద పడమటి గాలి వీస్తే అగ్గిపుల్ల చాలు. నిప్పు దానంతట అది పుట్టడం అరుదు. ఇప్పపువ్వు తెల్లవారకముందే రాలుతుంది. నేల శుభ్రంగా ఉంటే ఏరడం సులువని చెట్టు కింద ఆకులు తగలబెడతారు. తునికి పొదలు బాగా చిగురించాలని కొందరు నిప్పు పెడతారు. పోడు మంట కొన్నిసార్లు హద్దు దాటుతుంది. మంట పల్లంలో కంటే ఎగుడులో వేగంగా పాకుతుంది, ఎందుకంటే పై ఆకులను ముందే వేడి చేసి ఆరబెడుతుంది. వెనక గాలి కూడా తోడైతే దాన్ని పట్టడం మన చేతిలో ఉండదు. 2021లో సిమిలిపాల్ అడవి రోజుల తరబడి కాలడం మీకు గుర్తుండే ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒక ఏప్రిల్ ఉదయం మా బడిలో ప్రార్థన జరుగుతోంది. వేసవి కనుక పొద్దుటి బడి. ఎదురుగా రోజూ కనిపించే కొండ ఆ రోజు కనిపించలేదు. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు దగ్గు ఆగక కూలబడ్డాడు. నీళ్లు తాగించి లోపల కూర్చోబెట్టాను. కాసేపటికి తేరుకుని, తల వంచుకుని, "ఆ నిప్పు మా అయ్యే పెట్టాడు సార్" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. ఆ ఇప్పపువ్వు డబ్బుతోనే కదా వాడికి నోటుపుస్తకాలు వచ్చేది!

ఆ రోజు నుంచి నాకొక విషయం బోధపడింది. ఎండ నుంచి పిల్లలను కాపాడాలని బడి పొద్దున్నే పెడతాం. కాని లోయలో పొగ ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ వేళే. రాత్రి కొండవాలు చల్లబడి, చల్లగాలి పల్లానికి జారుతుంది. దాని మీద వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. పొగ ఆ మూత కింద చిక్కుకుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే గాని పైకి లేవదు. అందుకే ఉదయం లేవగానే కొండ వంక చూడండి. కొండ మసకబారి, పొగ వాసన వస్తుంటే ఆ పూట పిల్లలకు ఆటలు, పరుగులు వద్దు. ఉబ్బసం ఉన్నవారిని, వృద్ధులను, గర్భిణులను లోపలే ఉంచండి. పొగ తేలేదాకా కిటికీలు మూసి, తేలాక తెరవండి. మధ్యాహ్నం వడగాలి వేళ మళ్లీ మూయండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే దుమ్ము ఆగుతుంది గాని, పొగలోని సన్నని రేణువులు ఆగవు. దాన్ని నమ్ముకుని బయట తిరగకండి.

వేడికి మన పెద్దల మందు ఉండనే ఉంది. మన తరవాణి, ఒడియావారి తొరాణి ఒకటే కదా! రాగి అంబలి, మజ్జిగ, ఉప్పు వేసిన గంజి దాహం వేయకముందే తాగాలి. ఎండలో పనిచేసిన మనిషి ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడితే అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ, 108కి కబురు చేయండి. స్పృహ లేని మనిషి నోట నీళ్లు పోయకండి.

చివరగా, అడవికి వెళ్లే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మనవి. చెట్టు కింద ఆకులు చీపురుతో ఊడ్చుకోండి. లేదా పాత చీరలు, వలలు పరచండి, పువ్వు శుభ్రంగా దొరుకుతుంది. తునికి పొదలను కత్తితో నరికినా చిగురు వస్తుంది. పోడు కాల్చక తప్పదంటారా, చుట్టూ మట్టి కనిపించేదాకా ఆకు ఊడ్చి, నలుగురు మనుషులను నిలబెట్టుకుని, గాలి నిలిచిన వేళ చూసుకోండి. పిడికెడు దుమ్ము ఎగరేసి చూడండి. అది తూర్పుకు కొట్టుకుపోతే వీస్తున్నది పడమటి గాలి. ఆ రోజు అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు పదో తరగతి. కిందటేడు వాళ్ల అయ్య చెట్టు కింద చీపురే పట్టాడట. ఆ మాట వాడు నాకు తల ఎత్తి చెప్పాడు.