మలేరియాతో మన శరీరం చేసే పోరాటం

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టారు. మరి అది మన ఒంట్లో చేరాక ఏం జరుగుతుంది?

ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు వచ్చిన క్రిములు కాలేయంలో చేరి, దాదాపు వారం పాటు గుట్టుగా పెరుగుతాయి. తర్వాత ఎర్ర రక్తకణాల్లో దూరి, వాటిని పగలగొట్టుకుని బయటపడతాయి. అప్పుడు రక్షణ కణాలు మేలుకుని రసాయన సంకేతాలు పంపుతాయి. వణుకు, జ్వరం వాటివల్లే. చెడిన కణాలను వడగట్టే ప్లీహం ఉబ్బుతుంది. తెల్లకణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. కానీ మలేరియా క్రిముల్లో ఫాల్సిపారం అనే రకం, తానున్న రక్తకణం పైకి తెచ్చే ప్రోటీన్లను మార్చుకుంటూ ఆ ప్రతిరక్షకాలకు చిక్కదు.

మలేరియా ఎక్కువగా ఉండే మన్యంలో పదేపదే ఆ జ్వరం బారిన పడిన పెద్దలకు కొంత నిరోధక శక్తి వస్తుంది. అదీ పూర్తిగా కాదు. ఆ ప్రాంతం విడిచి ఏళ్లు గడిస్తే తగ్గిపోతుంది. మలేరియా అరుదైన మన తలుపుల, కదిరి వైపు వారికి ఆ శక్తి ఉండదు. అందుకే మన్యం వెళ్లొచ్చాక జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి. వైవాక్స్ అనే మరో రకం క్రిమి కాలేయంలో దాగి మళ్లీ తిరగబెడుతుంది. అందుకే డాక్టరు ప్రైమాక్విన్ మందు 14 రోజులకు రాస్తే, జ్వరం తగ్గినా మధ్యలో మానకండి.