ఊపిరిని కొలుచుట



విశాఖపట్టణమున ధూళి యన్నచో ఎల్లరకును నల్లధూళియు, ఎఱ్ఱధూళియు జ్ఞప్తికి వచ్చును. అచటి నౌకాశ్రయము 1933వ సంవత్సరమున తెఱవబడినది. నాటి మాంగనీసు మొదలు నేటి బొగ్గు, ఇనుపరాయి వఱకు ఎన్నియో ఖనిజములు ఆ రేవున ఎక్కుచు, దిగుచు వచ్చినవి. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. పాతపట్టణమందలి గృహిణులు మేడలమీద బట్టలారవేయుటకు జంకుదురు. ఆ ధూళి కంటికి గానవచ్చును గనుక దానిని గూర్చి పత్రికలలో వ్రాయుదురు, సభలు జరుపుదురు. మంచిదే. నేను నేడు చెప్పబూనినది మాత్రము అది కాదు.

ఒకప్పుడు ప్రాణముండిన వస్తువులనుండి పుట్టు ధూళి వేఱొకటి కలదు. వడ్లు, తౌడు, అపరాలు, పత్తి, గోగునార, జనపనార, పొగాకు, రంపపుపొట్టు, కోళ్ల కొట్టములలోని యీకల పొడి, ఇవన్నియు దాని జన్మస్థానములు. దీనిని గూర్చి సభలు లేవు. “తినెడి గింజ దుమ్ము మనల నేమి చేయును?” అని మనవారే యందురు. కళ్లములో తూర్పారబట్టునపుడు గాలివాలు చూచుకొని నిలుచు తెలివి మన రైతునకు కలదు. నాలుగు గోడల నడుమ, గిడ్డంగిలో, ఆ తెలివి యేమి చేయగలదు? అచట గాలియే లేదు గదా.

గోగునార సంగతి మన ప్రాంతమునకు సొంతము. భీమునిపట్టణపు రేవును బట్టి దానికి విదేశవర్తకులు “బిమ్లీ జ్యూట్” అని పేరిడిరి. గోస్తనీతీరమున చిట్టివలసలో వెలసిన గోనెసంచుల మిల్లు దీర్ఘకాలము నడచి 2009లో మూతపడినది. గోగు పండించినవారికి దాని పని నేను చెప్ప నక్కఱలేదు. కోసిన కట్టలను చెఱువులో ఊరవేయుదురు. కొన్ని దినములకు నీరు నల్లబడి కంపు కొట్టును. అంతట నార యూడివచ్చును. కాడనుండి నారను సడలించునవి నిజమునకు నీటిలోని సూక్ష్మజీవులు. నార యెండినపిమ్మట అవి చాలవఱకు చచ్చును గాని వాని కళేబరములు నారను అంటియే యుండును. మిల్లులో బేళ్లు విప్పి, నూనెయు నీరును కలిపి చిలికి చల్లి, నారను మెత్తబఱచి, ముండ్ల దువ్వెనలవంటి యంత్రములలో దువ్వుదురు. బేళ్లు విప్పుచోటను, దువ్వుచోటను నూగు లేచును. ఆ నూగులో నారతునుకలు, మన్ను, బూజు, వీనితోపాటు ఆ సూక్ష్మజీవుల పైపొర తునుకలు కూడ నుండును. ఈ కడపటిదానిని వైద్యులు ఎండోటాక్సిన్ అందురు. పాము చచ్చినను కోఱలో విషము నిలిచియుండునట్లు, జీవి నశించినను ఈ పదార్థము తన గుణమును విడువదు. ధాన్యపు దుమ్ములోను, పత్తి దుమ్ములోను గూడ ఇది యొక ముఖ్యమైన దోషి.

ఊపిరితో లోనికి బోయిన యీ పదార్థమును శ్వాసనాళముల లోపలి పొర గుర్తుపట్టి, శత్రువు వచ్చెనని కేకవేయును. రక్తమందలి తెల్లకణములు పరుగెత్తి వచ్చును. ఆ కణములలో తెగలు కలవు. న్యూట్రోఫిలులు సూక్ష్మజీవులతో పోరాడు బంట్లు. ఇయోసినోఫిలులు ఒంటికి పడని వస్తువు తగిలి వచ్చు ఉబ్బసములో ముఖ్యముగ కానవచ్చునవి. ఈ భేదమును దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది. నాళపు పొర యెఱ్ఱబాఱి వాచును, కఫము స్రవించును, దారి యిఱుకగును. దీనినే శోథ మందురు. వచ్చినది శత్రువుగాదు, శత్రువు శవము మాత్రమే. అయినను యుద్ధము ప్రతిదినము జరుగును. ఏండ్ల తరబడి జరిగిన యుద్ధమున పాడగునది రణరంగమే.

ధూళియు, పొగయు శ్వాసరోగమునకు హేతువులని చరకసంహితలోనే కలదు. 1700వ సంవత్సరమున ఇటలీదేశపు మొడెనా నగరమందు రమజ్జీని యను వైద్యుడు వృత్తులవలన గలుగు వ్యాధులపై గ్రంథము వ్రాసి, అందు ధాన్యము జల్లించువారిని, కొలుచువారిని, నార దువ్వువారిని పేర్కొనెను. రోగిని “నీ వృత్తి యేమి?” అని కూడ అడుగవలెనని వైద్యులకు బోధించినవాడాయనయే. గత శతాబ్దిమధ్యమున లాంకషైరు నూలుమిల్లులలో షిల్లింగు అను వైద్యుడు సోమవారపు ఛాతీబిగువును లెక్కలోనికి దెచ్చెను. ఆదివారము విశ్రాంతి తీసికొని సోమవారము పనిలో దిగిన కార్మికునకు ఛాతీ బిగియును. తక్కిన దినములలో సడలును. వ్యాధి ముదిరినపుడు వారమంతయు నిలుచును. దీనికి బిస్సినోసిస్ అని పేరు. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టమున, అధికారులకు తెలుపదగిన వ్యాధుల పట్టికలో ఇదియు చేరినది. జనపనారవలన ఈ వ్యాధి పత్తివలన వచ్చినంత స్ఫుటముగ వచ్చునా, రాదా యని వైద్యులలో చాల కాలము వాదము నడచినది. అట్టి వాదము తీఱవలెనన్న కొలత కావలెను.

నా పూర్వశిష్యుడొకడు పట్టణమున ధాన్యపు గిడ్డంగిలో బస్తాలు మోయుచుండెను. గిడ్డంగి పేరు మనకు అనవసరము. ఖాళీ బస్తాలు దులిపిన సాయంకాలములందు వానికి దగ్గు, ఛాతీబిగువు. సంక్రాంతికి ఊరికి వచ్చి పదిదినములున్నచో తేరుకొనును. తిరిగి పనిలో దిగిన మొదటి రాత్రి చలిజ్వరమువలె ఒడలు వడకును. మలేరియా యని మందు మ్రింగించిరి. పిమ్మట ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తులు శుభ్రముగ నున్నవనిరి. ఆ కాగితము చూచి మేస్త్రీ వానిని పనిదొంగ యనెను. ఊరిలోని పెద్దలును ఆ మాటయే యనిరి. “ముందు చుట్ట మానరా” యని యొకరు హితవు చెప్పిరి. వాడు చుట్ట కాల్చుట నిజమే. మన ప్రాంతమున స్త్రీలు సైతము నిప్పుకొన నోటనుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. అది కీడుచేయుననుటలో సందేహము లేదు. కాని సంక్రాంతికి ఊరనున్న పదిదినములును వాడు చుట్ట కాల్చుచునే యుండెనే, అప్పుడు దగ్గు తగ్గుట యెట్లు?

మా గురువులు అన్వయవ్యతిరేకములు చెప్పునపుడు ఇంతకంటె చక్కని యుదాహరణము చెప్పలేదు. ఇది యున్నచో అది యుండుట అన్వయము. ఇది లేనిచో అది లేకుండుట వ్యతిరేకము. దుమ్మున్నచో దగ్గు గలదు, లేనిచో లేదు. చుట్టయో, రెండుచోట్లను గలదు. ఇక ఎక్స్‌రే మాట. రాతిపొడి ఏండ్లకొలది చేరినచో ఊపిరితిత్తులలో మచ్చలు గట్టును. అవి ఛాయాచిత్రమున గనబడును. నాళముల లోపలి పొర వాపు అట్లు గనబడదు. కనబడనిది లేదనుట తర్కము కాదు.

దానిని గనుగొనుటకు నేడు కొన్ని సాధనములు గలవు. మొదటిది ఊపిరిబలమును గొలుచుట. 1846లో హచిన్సను అను ఆంగ్లవైద్యుడు ఇందుకు తగిన యంత్రము నొకదానిని వర్ణించెను. ఈ కాలమున చేతిలో ఇముడు చిన్న గొట్టము కూడ కలదు. పీక్ ఫ్లో మీటరు అందురు. గుండెనిండ గాలి పీల్చి ఒక్క ఊపున ఊదినచో లోని ముల్లు జరిగి అంకె చూపును. అయితే ఇది దారి యిఱుకైనదో లేదో చెప్పునే గాని, పొరలో శోథమున్నదో లేదో నేరుగా చెప్పదు.

శోథమును ఊపిరిలోనే కొలుచు రెండవ పద్ధతి నాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపినది. మనము విడుచు గాలిలో నైట్రిక్ ఆక్సైడు అను వాయువు లేశమాత్రముండునని 1991లో స్వీడనుదేశపు పండితులు కనుగొనిరి. ఉబ్బసరోగులలో అది హెచ్చని 1993లో తేలినది. కార్మికుడు నిండుగ గాలి పీల్చి, యంత్రములోనికి పదిక్షణములు సమముగ, తొందర లేక ఊదవలెను. నాదస్వరము నేర్చినవాడు దీనిని చక్కగ చేయగలడు. పెద్దవారికి నూఱుకోట్ల పాళ్ల గాలిలో 25 పాళ్లకు తక్కువైన తక్కువయనియు, 50కి మించిన హెచ్చనియు 2011లో అమెరికా వైద్యసంఘము నిర్ణయించినది. సూది లేదు, నొప్పి లేదు.

ఇచటనే మోసపోరాదు. ఈ వాయువు ముఖ్యముగ ఇయోసినోఫిలులు చేరిన శోథమునకు గుర్తు. ధాన్యపు దుమ్ము, నారదుమ్ము వలన తఱచుగ చేరునవి న్యూట్రోఫిలులు. అప్పుడు అంకె పెరుగకపోవచ్చును. పైగా చుట్ట, బీడీ కాల్చువారిలో ఆ యంకె తగ్గును. పొగను జూచి కొండపై నిప్పున్నదని యూహించుట తర్కశాస్త్రమున బాలపాఠము. కాని పొగ లేదు గనుక నిప్పు లేదనరాదు. ఎఱ్ఱగ కాలిన యినుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. తార్కికులు చెప్పు ఈ యయోగోళపు దృష్టాంతమును ఉక్కునగరమువారికి వివరింప బనిలేదు. అంకె తక్కువ వచ్చినదని కార్మికుని పంపివేయు వైద్యుడు ఆ యినుపగుండును చేత బట్టబోవువానివంటివాడు.

కావున మూడవ పద్ధతి, కఫపరీక్ష. రోగిచేత ఉప్పునీటి తుంపరలను కొంతసేపు పీల్పించి, లోతునుండి దగ్గించి, కఫమును సేకరింతురు. గాజుపలకపై రంగులద్ది కణములను లెక్కింతురు. ఇయోసినోఫిలులు నూటికి 3 మించినచో ఒక తెగ శోథము. న్యూట్రోఫిలులు మిక్కిలిగ నున్నచో వేఱొక తెగ. ఉప్పునీటివలన కొందఱికి ఛాతీ బిగియును గనుక వైద్యుని యెదుటనే, ముందుగ మందు పీల్పించి, ఊపిరిబలము చూచుచు చేయవలెను. పని ఎక్కువ, నేర్పు కావలెను. అయినను దుమ్మువలని శోథమునకు దీనివంటి సాక్షి లేడు. ముక్కును ఉప్పునీటితో కడిగి ఆ నీటిలోని కణములను లెక్కించు సులువైన పద్ధతియు కలదు. జలనేతి యెఱిగినవారికి ఇది వింతగాదు. అది ముక్కు సంగతి చెప్పును, నాళముల సంగతి సూచించును.

ఏ పరీక్షయైనను ఒక్కసారి చేసిన చాలదు. పనికి ముందు, పని పిమ్మట, సెలవు పిమ్మట చేసి పోల్చవలెను. నా శిష్యునిచేత నేను చేయించినది ఇంతమాత్రమే. ఒక గొట్టము కొని యిచ్చి, ఒక పుస్తకమున గీతలు గీసి యిచ్చితిని. నాలుగు వారములు వ్రాసెను. పనిదినములందు అంకె దిగుటయు, సెలవులందు ఎక్కుటయు చదువు రానివానికి సైతము కనబడునట్లుండెను. ఆ పుస్తకము చూచినపిమ్మట ఒక ఛాతీవైద్యుడు కఫమును పరీక్షింపించి, న్యూట్రోఫిలులు హెచ్చుగ నున్నవని వ్రాసి యిచ్చెను. గిడ్డంగివారు వానిని లోపలి పనినుండి తప్పించి ద్వారమున బస్తాలు లెక్కించు పనిలో నుంచిరి. కూలి తగ్గినది. దగ్గును తగ్గినది. కూలి తగ్గుట న్యాయమని నేననను.

గ్రామములందు ఇట్టి తగవులు మీ రచ్చకే వచ్చును; బియ్యపుమిల్లులు మీ యూళ్లలోనే యున్నవి. మిల్లు యజమానులతో మాటలాడునపుడు పొడిచీపురుతో ఊడ్చుట మాన్పించుడు; దుమ్ము పుట్టుచోటనే పీల్చివేయు గొట్టముల నడుగుడు. ముక్కునకు తువాలు చుట్టుకొన్నచో ముతకదుమ్ము ఆగును గాని మిక్కిలి సన్ననిది ఆగదు. ఎన్95 అను ముసుగు ముఖమునకు చక్కగ నతుకుకొన్నచో చాలవఱకు ఆపును. పనివాడు దగ్గుచు వచ్చినపుడు చుట్ట మాట తరువాత. ముందు ఆ గొట్టమును వైద్యునివద్ద ఊదుట నేర్పించి, పుస్తకము పెట్టించుడు. నిద్రలేచినపుడు, మధ్యాహ్నమున, పని విడిచినపుడు, పరుండబోవునపుడు ఊదవలెను. ప్రతిసారియు మూడుమార్లు ఊది, అందు పెద్ద యంకెను వ్రాయవలెను. ఆనాడు ఏ సరకు ఎత్తినదియు ప్రక్కన వ్రాయవలెను. వ్రాయలేనివానికి బడి చదువు పిల్లవాడెవడైన వ్రాసిపెట్టును. నాలుగు వారముల లెక్క చాలును. అయితే అందు సెలవుదినములు తప్పక యుండవలెను.