నెలలు నిండని శిశువు – పెరుగుదల పట్టిక
(మహదేవపూర్ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, వృత్తిని గూర్చియు పెద్దలు మాటలాడిన ఈ వేదికపై, రెండు కిలోలైనను తూగని పసికందును గూర్చి నేను మాటలాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని కులాభివృద్ధికి మొదటి మెట్టు పురిటిగది గదా! 2020వ సంవత్సరమున ప్రపంచమంతటను సుమారు 1 కోటి 34 లక్షలమంది శిశువులు నెలలు నిండకముందే పుట్టిరి. వారిలో 30 లక్షలమంది మన దేశపు బిడ్డలు. కావున ఇది ఏ ఒక్క ఇంటి దురదృష్టమును కాదు. దాచుకొనవలసిన విషయము అంతకన్నను కాదు.

తల్లికి కడపటి ముట్టు వచ్చిన మొదటి దినమునుండి లెక్కించిన యెడల 40 వారములు నిండుకాలము. 37 వారములు పూర్తికాకమునుపు పుట్టిన శిశువు నెలలు నిండని శిశువు. పుట్టినప్పుడు 2,500 గ్రాములకు లోబడిన శిశువు తక్కువ బరువు శిశువు. ఈ రెండును ఒకటియే యని లోకులు తలంతురు. అది పొరపాటు. ఆ భేదము తెలిపి, దానిని కనుగొను సాధనమును మీకు పరిచయము చేయుటయే నా ఉద్దేశము.

ఇద్దరు శిశువులు పుట్టిరనుకొనుడు. ఇద్దరి తూకమును 1,600 గ్రాములే. ఒకరు 32వ వారమున పుట్టిరి. మరియొకరు 37వ వారమున పుట్టిరి. కంటికి ఇద్దరును చిన్నవారే. కాని మొదటి శిశువు తన వారములకు తగిన పరిమాణము గలది. తొందరపడి వచ్చినదేగాని గర్భములో చక్కగా పెరిగినది. రెండవది గర్భమునందే సరిగా పెరుగక చిక్కిపోయినది. మొదటి బిడ్డకు ఊపిరియు, వెచ్చదనమును, పాలు చప్పరించు శక్తియు చాలకపోవునను భయము. రెండవ బిడ్డకు రక్తములో చక్కెర పడిపోవు భయము హెచ్చు; తల్లికి రక్తపు పోటు ఉండెనా, మాయ సరిగా పనిచేసెనా యని కూడ విచారింపవలెను. తూకము ఒక్కటియే, జాగ్రత్తలు వేరు.

నేతపని యెరిగిన మన కులమువారికి ఇది తెలియని న్యాయము కాదు. ఆరు గజముల చీర నేయుచుండగా నాలుగు గజములకే కోయవలసివచ్చినచో, పొట్టిదని ఎవరును ఆ బట్టకు వంక పెట్టరు. ఆ నాలుగు గజములలో పేక సరిగా పడినదా, నేత బిగువుగా ఉన్నదా యని చూతురు. శిశువును సైతము అట్లే, గర్భమున గడపిన వారములనుబట్టి కొలువవలెను.

ఈ కొలతకు పెరుగుదల పట్టిక సాధనము. కాగితముపై అడ్డముగా వారములును, నిలువుగా బరువును గుర్తించి, నడుమ కొన్ని వంపుగీతలు గీయుదురు. ఒకే వారమున పుట్టిన 100 మంది శిశువులను బరువు వరుసను నిలిపిన యెడల, క్రిందినుండి పదవ స్థానమును తెలుపునది పదవ గీత. సరిగా నడుమనుండునది ఏబదవ గీత. మొగబిడ్డకు ఒక పట్టిక, ఆడుబిడ్డకు వేరొక పట్టిక. పదవ గీతకు దిగువనున్న బిడ్డ తన వారములకు చిన్నదని యర్థము. రోగి యని యర్థము కాదు. బరువొక్కటియే గాక పొడవును, తల చుట్టుకొలతయు పట్టికపై గుర్తింపవలెను. తల కొలత మెదడు పెరుగుదలకు సూచకము.

ఈ పట్టికల చరిత్ర స్వల్పమే. 1963లో అమెరికా దేశమందలి డెన్వర్ నగరమున లూలా లుబ్చెంకో అను వైద్యురాలు తన తోడివారితో కలిసి 24వ వారము మొదలు 42వ వారము వరకు పుట్టిన శిశువుల బరువుల గీతలను ప్రకటించెను. డెన్వర్ సముద్రమట్టమునకు మైలు ఎత్తున నున్నది; అంతటి ఎత్తున శిశువుల బరువు కొంత తగ్గును. కాబట్టి ఒకచోటి గీత అన్ని చోటులకు చాలదని తేలెను. కెనడా దేశపు టానిస్ ఫెంటన్ 2003లో వేసిన పట్టికను 2013లో సవరించి, ఆరు దేశములలోని సుమారు 40 లక్షల జననముల లెక్కలనుండి క్రొత్త గీతలు కూర్చెను. 2014లో ఎనిమిది దేశముల పరిశోధకులు మరియొక పట్టికను వెలువరించిరి. ఆ ఎనిమిది చోటులలో మనకు దవ్వుకాని నాగపురము ఒకటి. మొదటి తరహా పట్టిక శిశువులు ఎట్లు పుట్టుచున్నారో చెప్పును. రెండవది ఆరోగ్యము, పోషణము గల తల్లుల బిడ్డలను ఎంచుకొని, ఎట్లు పెరుగవలెనో చెప్పును. ఏ పట్టిక నెన్నుకొనుటయో వైద్యుని పని. ఒక పట్టికతో మొదలిడి, నడుమ కారణము లేక మార్చకుండుట మంచిది.

ఒక్క చుక్కనుబట్టి తీర్పు చెప్పరాదు. పుట్టిన తొలిదినములలో శిశువు బరువు కొంత తగ్గుట సహజము. సాధారణముగా రెండు వారములలో తిరిగి పుట్టుకబరువునకు వచ్చును. పిమ్మట చుక్కలను కలిపిన గీత పట్టికలోని గీతలతోపాటు పైకి సాగుచున్నదా యని చూడవలెను. క్రింది గీత వెంట నిలుకడగా పెరుగు బిడ్డను జూచి దిగులుపడనక్కరలేదు. నడిమి గీతనుండి వారము వారము జారుచున్న బిడ్డను తప్పక వైద్యునికి చూపవలెను.

ఇంటికి వచ్చిన తరువాత మరియొక లెక్క కలదు. 32వ వారమున పుట్టిన శిశువు 8 వారములు ముందు వచ్చినది. పుట్టి 16 వారములైనప్పుడు దాని పెరుగుదలను 8 వారముల బిడ్డ పెరుగుదలతో పోల్చవలెను. రెండేండ్లు నిండువరకు ఈ సవరణ పాటింతురు. టీకాలు మాత్రము సాధారణముగా పుట్టిన తేదీనిబట్టియే వేయింపవలెను. ఈ లెక్క తెలియక, “పొరుగింటి బిడ్డ కూర్చున్నది, మన బిడ్డ కూర్చుండలే”దని బాలింతను దెప్పుట ఎంత అన్యాయమో అత్తగార్లు యోచింతురుగాక.

ఏడవ నెల బిడ్డ బ్రదుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రదుకదను మాట మనలో వాడుకలో నున్నది. ఇది సత్యము కాదు. గర్భమున నిలిచిన ప్రతి వారమును శిశువునకు బలమే. ఈ మాట నమ్మి ఎనిమిదవ నెల బిడ్డపై ఆశ వదలుకొని ఆసుపత్రికి కొనిపోకుండుట ఘోరము. పురుడు వెళ్లువరకు బిడ్డను తూచిన దిష్టి తగులునని కొన్ని యిండ్లలో అందురు. తూకము తెలియని బిడ్డకు పట్టికయు లేదు, పట్టిక లేని బిడ్డ చిక్కుట ఎవరికిని కనబడదు.

గోదావరి కావలి యొడ్డున, మన కాళేశ్వరమున కెదురుగా సిరొంచ యున్నది. అది గడ్చిరోలి జిల్లాలోనిది. ఆ జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామస్త్రీలకు శిక్షణమిచ్చి, ఇంటింట పసిబిడ్డలను తూచుటయు, వెచ్చగా నుంచుటయు, రోగచిహ్నములను గుర్తించుటయు నేర్పిరి. 1999లో ప్రకటితమైన వారి పరిశోధనమునుబట్టి, ఆ గ్రామములలో నెలలోపు శిశుమరణములు మూడవ యేటికి నూటికి 62 వంతులు తగ్గెను. 2011 నుండి ఆశా కార్యకర్తలు దేశమంతట ఈ పద్ధతిని అనుసరించుచు, 42 దినములలో ఆరేడుమారులు ఇంటికి వచ్చి బిడ్డను చూచుచున్నారు. అడవి గ్రామముల స్త్రీలు చేసిన పని మనకు అసాధ్యమా?

కావున ఈ సభకు నా మనవి. ప్రతి గర్భిణీస్త్రీ కడపటి ముట్టు తేదీని ఇంటి పంచాంగముపై వ్రాసియుంచుడు. మొదటి మూడు నెలలలో స్కానింగు చేయించి ఆ తేదీని సరిచూచుకొనుడు. వారముల లెక్క తప్పినచో పట్టిక యంతయు తప్పును. బిడ్డ పుట్టగానే తూకము, పొడవు, తల కొలత వ్రాయించుకొని, ఆ కాగితమును భూమిపత్రము వలె భద్రపరచుడు. వైద్యుడు తగునన్నప్పుడు బిడ్డను తల్లి రొమ్మునకు చర్మము చర్మమునకు తాకునట్లు కట్టుకొనుడు. 1978లో బొగోటా నగరమున ఆరంభమైన ఈ పద్ధతిని, పుట్టినవెంటనే మొదలిడుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పినది. దీనికి ధనమక్కరలేదు, తల్లికి ఇంటిపనినుండి తీరిక కావలెను. ఆ తీరిక నిచ్చుట భర్తకును, అత్తకును విధి.

పోషకులగు మహాశయులు పేదబిడ్డను భూపాలపల్లికో వరంగల్లునకో తరలించు ప్రయాణపు ఖర్చునకు సంఘనిధిలో కొంత ప్రత్యేకించినయెడల, ఈ మహాసభ చేసిన తీర్మానములలో అది యొకటి బిడ్డల ప్రాణములుగా నిలుచును.

 పిల్లలందరికి ఆయురారోగ్యములు కలుగుగాక!