బోర్డు పెడితే సరిపోదు, హద్దు మనం గీయాలి

 

ఈ రోజు అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రం గురించి నాలుగు మాటలు చెప్తాను. అంత దూరం ఎందుకంటారా? అక్కడా కొండలే, అక్కడా అటవీ శాఖే, అక్కడా నేల పోగొట్టుకున్న ఆదివాసులే. అందుకే.

అమెరికా ప్రభుత్వం దేశ చరిత్రకు ముఖ్యమనుకున్న చోట్లను 'జాతీయ చారిత్రక చిహ్నాలు'గా ప్రకటిస్తుంది. వ్యోమింగ్‌లో మొదట ఆ జాబితాకెక్కినవి ఏంటో చూడండి. ఇండిపెండెన్స్ రాక్ అంటే, బండ్లు కట్టుకుని పడమరకు పోయిన వలసదారులు తమ పేర్లు చెక్కుకున్న పెద్ద బండ. సౌత్ పాస్ అంటే, వాళ్లు కొండలు దాటిన దారి. ఫోర్ట్ ఫిల్ కెర్నీ అంటే, 1866లో సైన్యం కట్టిన కోట. లకోటా, షయాన్, అరాపహో ప్రజలు వేటాడే నేల మధ్యలో కట్టారు దాన్ని. వాళ్లు ఊరుకోలేదు, కొట్లాడారు. 1868 ఒప్పందంతో సైన్యం ఖాళీ చేసి పోయింది, షయాన్ యోధులు కోటను తగలబెట్టారు. గెలిచింది ఆదివాసులు. చిహ్నానికి ఉన్నది మాత్రం ఒక సైన్యాధికారి పేరు!

ఇక అసలు విషయానికి వస్తాను. బిగ్‌హార్న్ కొండల మీద, 9,600 అడుగులకు పైన, రాళ్లు పేర్చిన ఒక చక్రం ఉంది. అడ్డంగా సుమారు 80 అడుగులు, 28 ఆకులు. పేరు మెడిసిన్ వీల్. మెడిసిన్ అంటే ఇక్కడ మందు కాదు, పవిత్ర శక్తి. క్రో, షయాన్, అరాపహో, షోషోనీ, లకోటా, ఇంకా ఎన్నో తెగలు అక్కడ ప్రార్థన చేసుకుంటాయి.

1970లో దాన్ని కూడా చిహ్నంగా ప్రకటించారు. అంతటితో అయిపోయిందా? లేదు. 1980ల చివర్లో అటవీ శాఖ పర్యాటకుల కోసం అక్కడ కట్టడాలు కడతామంది. ఎందుకంటే ప్రభుత్వం కళ్లకు అది పాత రాళ్ల గుట్ట. ఆదివాసులకు అది గుడి, అదీ ఇప్పుడు కూడా నడుస్తున్న గుడి. ఈ తేడా చిన్నది కాదు.

తెగలు ఏకమయ్యాయి. ఏళ్ల తరబడి అభ్యంతరాలు చెప్పాయి, చర్చలకు కూర్చున్నాయి. 1996లో ఒక రక్షణ ప్రణాళిక వచ్చింది. దాని మీద ఆదివాసీ సంఘాలు కూడా సంతకం చేశాయి. ఇప్పుడు మామూలు సందర్శకులు బండి దూరంగా ఆపి, మైలున్నర నడిచి వెళ్లాలి. పూజలు జరిగేటప్పుడు ఆగాలి. చుట్టుపక్కల చెట్లు కొట్టాలన్నా ముందు సంప్రదింపులు జరగాలి. ఒక కలప కంపెనీ దీని మీద కోర్టుకెక్కింది, 2004లో ఓడిపోయింది. 2011లో చిహ్నం హద్దును 110 ఎకరాల నుంచి 4,080 ఎకరాలకు పెంచారు. పేరులో కొండను కూడా చేర్చారు. చక్రం ఒక్కటే కాదు, కొండంతా పవిత్రమే అని పెద్దలు చెప్తూ వచ్చిన మాట చివరికి కాగితం మీదికెక్కింది.

పూర్తిగా గెలిచారని నేను అనను. ఆ కొండ మీదే విమానాల కోసం పెట్టిన రాడార్ గోపురం ఉంది. భూమి ఇంకా అటవీ శాఖదే. కానీ ఒకటి తేలింది. 1970లో బోర్డు వచ్చింది, 1996లో మాట వచ్చింది. కాపాడింది ఆ మాటే.

అదే 1996లో మన దేశంలో పెసా చట్టం వచ్చింది. మన ఆచారాలను, వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభదని చెప్పింది. 2013లో పక్కనున్న ఒడిశాలో, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలు కూర్చుని నియమగిరిలో మైనింగ్ వద్దన్నాయి. తమ దేవుడు ఒక్క శిఖరం మీద కాదు, కొండంతా ఉన్నాడని డోంగ్రియా కోంధులు చెప్పారు. బిగ్‌హార్న్ పెద్దలు చెప్పిందీ అదే కదా!

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేద్దాం. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల క్లెయిమ్ వేసేటప్పుడు పవిత్ర చెట్లు, వనాలు, చెరువులు, శ్మశానాలు సాక్ష్యాలుగా చెల్లుతాయి. నిబంధనల్లోనే ఉంది. పెద్దల్ని వెంటబెట్టుకుని నడవండి. ప్రతి దేవర చోటును మన భాషలో మనం పిలిచే పేరుతోనే పటం మీద రాయండి. గుండు ఒక్కటే రాసి ఊరుకోవద్దు, దాని చుట్టూ ఉన్న అడవినీ, దానికి పోయే బాటనీ రాయండి.

మనం గీయకపోతే వేరేవాళ్లు గీస్తారు. వాళ్ల గీతలో మన దేవర 110 ఎకరాల్లోనే ఆగిపోతుంది.

మా ఊళ్లో మా రాజ్యం! జోహార్!